అమ్మకి వేసిన ఆకు

మా అమ్మ పరాయి దేశం మనిషని నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ. రంగూన్ నుంచి ఓడలో వచ్చి, కాందిశీకుల షెడ్డులో ఇరవై రోజులు పడుకుని, చివరికి నాన్న పుట్టిన ఊరు చేరుకున్నాం. నాన్న అన్నగారి భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అమ్మ కట్టుకున్న లుంగీని కింద నుంచి పైదాకా చూసి, "గుంటని లోపలికి పంపు మరిదీ. ఆ మనిషికి అరుగు మీద వడ్డిత్తాను" అంది. అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ మనిషి ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక అమ్మ ఒక్కతే ఉంది.

నాన్న నోరు మెదపలేదు. ఆయనకి బాగా చేతనైన పని అదే. రంగూన్లో బియ్యం మిల్లులో పద్దెనిమిదేళ్లు పని చేశాడు. అక్కడ ఆయన విదేశీయుడు. ఏటేటా ఒక పుస్తకం పట్టుకెళ్లి ముద్ర వేయించుకునేవాడు. ఒక ఏడు రూలు మారిందన్నారు, ముద్ర వెయ్యం అన్నారు, మిల్లులో పని లేదన్నారు, పొమ్మన్నారు. అమ్మ ఆ దేశం మనిషి కాబట్టి ఉండిపోవచ్చు. మొగుడితోనే పోతానంటే, మళ్లీ తిరిగి రానని రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. ఓడ ఎక్కేదాకా నాన్న విదేశీయుడు, దిగాక అమ్మ విదేశీయురాలు. మా ఇంట్లో ముద్రల పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండాల్సిందే అన్నట్టు, ఈ దేశం వాళ్లు అమ్మ చేతిలో ఇంకోటి పెట్టారు.

అరుగు మీద మూడు నెలలు తిన్నాం. అమ్మతో పాటు నేనూ అక్కడే తిన్నాను, ఎంత పిలిచినా లోపలికి వెళ్లలేదు. నా మొండితనం అప్పటిదే. తర్వాత నాన్నకి కాందిశీకుల కోటాలో కొండ మీద ప్రభుత్వ కాఫీ తోటలో వాచరు ఉద్యోగం వచ్చింది. అరకులో రైలు దిగి, ముంచింగిపుట్టు వైపు బస్సులో పోయి, అక్కడి నుంచి రెండు కొండలు నడవాలి. మా బంధువులు ఎంత సంబరపడ్డారో చెప్పలేను. మేం వెళ్లిపోతున్నాం కదా మరి.

తోటని ఆనుకుని ముప్పై గడపల ఊరు. అక్కడి ఆడవాళ్లు అమ్మని చూసి తలుపు తెరిచిపెట్టారు. ఆ ముఖాలూ అమ్మ ముఖమూ ఒక్కలాగే ఉంటాయి. లుంగీని ఎవరూ వింతగా చూడలేదు. ఆరు నెలల్లో అమ్మకి వాళ్ల మాట వచ్చేసింది. తెలుగు మాత్రం పదేళ్లు నాన్నతో కాపురం చేసినా అంత బాగా రాలేదు. సంతలో మైదానం వ్యాపారి కొండ ఆడవాళ్లని మోసం చేసినట్టే అమ్మనీ కొలతలో మోసం చేశాడు. ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. మామిడి కొత్త పండగ అయ్యేదాకా ఎవరూ మామిడికాయ కొరకరు, పచ్చిదైనా సరే. చెట్టు కింద రాలి కుళ్లిపోయినా ముట్టరు. కొత్త రోజున ఊరి పెద్ద వాకిట్లో అడ్డాకుల విస్తళ్లు వరసగా వేసి, ఊరంతా కలిసి మొదటి ముక్క తింటారు. ఒంటరిగా అడవికి పోయి రాగలిగిన వయసు వచ్చినవాళ్లకే సొంత ఆకు. చిన్నవాళ్లు అమ్మ ఆకులో తినాలి. మేం వెళ్లిన ఏడు ఊరి పెద్ద స్వయంగా వచ్చి పిలిచాడు. నాన్న వెళ్లలేదు. కొండవాళ్ల ఇంట తిన్నాడని కింద తెలిస్తే బాగోదట. తన పెళ్లానికి అరుగు మీద పెట్టిన వాళ్ల దగ్గర ఆయనకి ఇంకా పరువు మిగిలి ఉందనుకున్నాడు. అమ్మ నన్ను తీసుకుని వెళ్లింది. ఊరి పెద్ద తన భార్య ఆకు పక్కన అమ్మకి ఆకు వేశాడు. ఆ రోజు నుంచి ఆయనకి అమ్మ చెల్లెలు, నాకు ఆయన మావ. ఇందులో లాంఛనాలేవీ లేవు. మామిడి ముక్క, సామల అన్నం, అంతే.

ముద్ర కోసం ఏడాదికోసారి కిందకి, పట్నానికి వెళ్లేవాళ్లం. సొరంగాలన్నీ దాటి రైలు దిగేసరికి చొక్కాలు మసి. ఆఫీసులో మాకు కేటాయించినట్టు ఒక విరిగిన బల్ల ఉండేది. గుమస్తా పుస్తకం తెరిచి, ఏటేటా అదే ప్రశ్న అడిగేవాడు, అమ్మని చూడకుండా. "భర్త దగ్గరే ఉంటున్నావా?" పక్కన భర్త నిలబడి ఉన్నాడు. నాకు పదేళ్లు వచ్చాక ఒకసారి "కనపడటం లేదా?" అన్నాను. "నిన్నడగలేదు పాపా" అన్నాడు. నాన్న నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఆ చెయ్యి ఆ గుమస్తా బల్ల మీద ఒక్కసారి గుద్దితే బాగుండునని ఎన్ని సార్లు అనుకున్నానో.

మొదట ఏడాదికి ఒక ముద్ర. తర్వాత ముద్రకి తోడు మూడు ఫొటోలు. తర్వాత జిల్లా దాటితే ముందుగా చెప్పాలన్నారు. "రూలు మారింది" అనేవాడు గుమస్తా. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఏనాడూ చెప్పలేదు. వాన పడింది అన్నట్టు చెప్పేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంకో రూలు వచ్చింది. కొండల్లో గొడవలున్నాయి కాబట్టి ఏజెన్సీలో విదేశీయులు ఉండటానికి వేరే అనుమతి కావాలి. అది లేకపోతే కిందకి దిగిపోవాలి.

ఆ నోటీసు ఇవ్వడానికి ఒక కానిస్టేబులు రెండు కొండలెక్కి వచ్చాడు. అది ఊడ్పుల కాలం. ఆడవాళ్లందరూ వాగు పక్క మడిలో వంగి ఉన్నారు. గట్టు మీద నిలబడి "ఇక్కడ విదేశీ ఆడమనిషి ఎవరు?" అని అరిచాడు. అందరూ లేచి నిలబడ్డారు. మోకాళ్ల దాకా బురద, తలకి గుడ్డ, చేతిలో నారు. కానిస్టేబులు ఈ చివర నుంచి ఆ చివరికి రెండు సార్లు చూశాడు. అమ్మ మూడో మనిషి.

"అందరూ మా ఊరోల్లే బాబూ" అన్నాడు మావ.

కానిస్టేబులు నోటీసు నాన్న చేతిలో పెట్టి, మా ఇంట్లో చోడి అంబలి తాగి వెళ్లిపోయాడు. ఊరు వారం రోజులు నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మా బతుకు అంతా మాలో అమ్మని గుర్తుపట్టలేకపోవడం మీద ఆధారపడిందని ఆ రోజే నాకు తెలియాల్సింది. తోట ఆఫీసరు జాలిపడి ఉత్తరం రాసిచ్చాడు. ఏడాదికి అనుమతి దొరికింది. ఆ తర్వాత ఇంకో ఏడాదికి. ప్రతిసారీ ఇదే ఆఖరు అనేవాళ్లు.

ఈ బాధ తప్పాలంటే అమ్మకి పౌరసత్వం రావాలి. భార్యే కాబట్టి ఇస్తారని గుమస్తా కూడా అన్నాడు. దానికి పెళ్లి కాగితం కావాలి. వాళ్ల పెళ్లికి కాగితం లేదు. అయినవాళ్ల ఎదుట ఒక పళ్లెంలో అన్నం తిన్నారు, అదే పెళ్లి. నాన్న ఈ సంగతి చెప్పడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపేశాడు. తర్వాత రంగూన్ నుంచి వచ్చిన ఇద్దరు పాత మిల్లు పనివాళ్లని పట్టుకుని సాక్ష్యం రాయించి, చివరికి అర్జీ పెట్టాడు. కానీ దానికి ముందే జరగాల్సింది జరిగిపోయింది. చేసింది నేను.

ఎమర్జెన్సీ ఎత్తేయడానికి కాస్త ముందు ఓటర్ల లిస్టు రాయడానికి ఒక మేష్టారు వచ్చాడు. మైదానం మనిషి, ఎక్కి ఎక్కి రొప్పుతున్నాడు. ఇల్లిల్లూ తిరగాలి. తిరగలేదు. మావ వాకిట్లో మంచం మీద కూర్చుని, "ఊళ్లో పెద్దవాళ్లు ఎంతమంది?" అని అడిగాడు.

మావ కళ్లు మూసుకున్నాడు. మామిడి కొత్త నాటి వరస గుర్తు చేసుకుంటున్నాడు. సొంత ఆకు ఉన్నవాళ్లే పెద్దవాళ్లు, మరి ఇంకెలా లెక్కపెడతారు? "అరవై నాలుగాకులు" అన్నాడు.

మేష్టారికి ఆ పేర్లు నోరు తిరగలేదు. నేను పదో తరగతి చదువుతున్నాను, చేతిరాత బాగుంటుంది. కాగితం నా ఒళ్లో పెట్టి తను కునుకు తీశాడు. మావ ఆకుల వరసలో చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. తన భార్య పేరు అయ్యాక, ఊళ్లో అమ్మని పిలిచే పేరు చెప్పి, "మా సెల్లి" అన్నాడు. నేను ఆగాను. ఆగిన మాట నిజం. పౌరశాస్త్రం పుస్తకంలో ఓటు హక్కు పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. పరీక్షలో దానికి మంచి మార్కులు కూడా వచ్చాయి. కానీ పెద్దమ్మ గుమ్మం దగ్గర "ఆ మనిషి" అన్న మాట నాకు అంతకంటే బాగా గుర్తుంది. ఒక కాగితమైనా మా అమ్మని ఈ ఊరి మనిషని అననీ అనుకున్నాను. గుండ్రంగా, అందంగా రాశాను.

ఓట్ల రోజున ఊరంతా కలిసి పక్క ఊరి బడికి నడిచి వెళ్లారు. పేరు పిలిస్తే అమ్మ కూడా వెళ్లి ఓటేసింది. సాయంత్రం సిరా వేలు నాకు చూపించింది.

"మా దేశంల ఏ రోజూ నన్నెవులూ ఏటీ అడగనేదు" అంది. ఆ వేలిని రెండు రోజులు తడవనివ్వలేదు.

నాన్న అర్జీ ఆ తర్వాత ఏడు పెట్టాడు. అర్జీ మీద విచారణ వచ్చింది. విచారణకి వచ్చినవాడు చురుకైనవాడు, మా ఖర్మ. తోట క్వార్టర్ల లిస్టులో నాన్న పేరు, పక్కన భార్య విదేశీయురాలని ఉంది. ఊరి లిస్టులో అదే ఆడమనిషి ఊరి పెద్ద చెల్లెలిగా ఉంది, ఓటు వేసినట్టు గీత కూడా ఉంది. రెండు కాగితాలూ ఒక ఫైల్లో చేరాయి. అమ్మనీ, నాన్ననీ, మావనీ పట్నం రమ్మన్నారు. మాట సాయానికి నేను వెళ్లాను.

మావ ఉతికిన పంచె కట్టి, తలపాగా చుట్టి వచ్చాడు. చెల్లెలి తరఫున మాట్లాడటానికి వెళ్తున్నానని ఊళ్లో అందరికీ చెప్పి బయల్దేరాడు. ఆఫీసరు పెద్దగా దురుసు మనిషి కాదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. దురుసుగా ఉంటే కనీసం అసహ్యించుకోవడానికి వీలుండేది.

"ఈమె నీకేమవుతుంది?" అని మావని అడిగాడు.

"సెల్లి బాబూ."

"తోడబుట్టిందా?"

"మా ఊల్ల ఆకుంది బాబూ."

"ఆకేమిటి?"

నేను మామిడి కొత్త సంగతి చెప్పాను. వెనక గుమస్తా కిసుక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. ఫైలు మూసి, అమ్మ వైపు తిరిగి, మొదటిసారి నేరుగా ఆమెతో మాట్లాడాడు. "చూడమ్మా. ఈయన చెప్పింది నిజమైతే నువ్వు ఇక్కడి మనిషివి. అర్జీ అక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. పొరపాటున విదేశీయురాలని నమోదయిందని నేనే రాసేస్తాను. కాదంటే, విదేశీయురాలు దొంగ ఓటు వేసినట్టు. అప్పుడు నేను చెయ్యగలిగిందేమీ ఉండదు. నువ్వు చెప్పు. ఈయన చెల్లెలివేనా?"

గదిలో ఉన్నవాళ్లందరికీ అది తెరిచిపెట్టిన తలుపని తెలుసు. నాన్న కూడా తల ఎత్తాడు. మావ అమ్మని చూసి తల ఊపాడు, ఇందులో ఆలోచించేదేముందన్నట్టు. ఆయన లెక్కలో అది అబద్ధం కాదు. అవునని కొండ భాషలో ఒక్క ముక్క చాలు. నేను బల్ల కింద అమ్మ కాలు తొక్కాను.

అమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

"నాను మాండలే కాడ పుట్టేను బాబూ. మా అమ్మ అక్కడే ఉంది" అని చెప్పి, వాళ్ల అమ్మ పేరు, ఊరి పేరు రెండు సార్లు చెప్పింది, గుమస్తా తప్పు రాయకుండా.

తిరుగు రైల్లో నేను ఆగలేదు. మొదటి సొరంగం నుంచి మొదలుపెట్టి తిట్టాను. ఇన్నేళ్లు కాళ్లరిగేలా తిరిగింది దేనికి అన్నాను. ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా అన్నాను. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, యథాప్రకారం.

"మా అమ్మ బతికుందే" అంది అమ్మ. "నాను ఆవిడికి పుట్టనేదని ఎలాగ సెప్పీడం?"

"అయితే మావకి చెల్లెలివి కాదా నువ్వు?"

"అదీ నిజివే. ఆ బాబు ఒకటే సెప్పమన్నాడు."

"ఊరుకో గుంటా" అన్నాడు మావ నాతో. "సెల్లి తప్పు సెప్పనేదు." ఆయనకి తను అబద్ధం ఆడినట్టయిందన్న కోపం కూడా లేదు. నాకు మాత్రం ముగ్గురి మీదా కోపమే. నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు.

ఆ నెలలోనే ఆర్డరు వచ్చింది. అర్జీ తోసేశారు. ఓటు సంగతి తెలియక చేసిన పనిగా వదిలేశారు, దయ చూపించినట్టు. ఏజెన్సీ అనుమతి మాత్రం రద్దు. పదిహేను రోజుల్లో కొండ దిగాలి, నెలకోసారి స్టేషనులో కనపడాలి. నాన్న దిగితే ఉద్యోగం పోతుంది. కాబట్టి ఆయన పైన, మేం కింద. పట్నం చివర కాందిశీకుల కాలనీలో రేకుల గది తీసుకున్నాం. నేను కాలేజీలో చేరాను. నెలకో ఆదివారం నాన్న వచ్చి, సాయంత్రం వెళ్లిపోయేవాడు. కాలనీలో సగం మందికి బర్మా మాట వచ్చు, మీ అమ్మకి ఇక్కడే బాగుంటుందని అందరూ నాకు చెప్పారు. ఆమె కొండ మాటలో తనలో తాను గొణుక్కుంటూ అంట్లు తోముకునేది. ఎవరి దగ్గరికీ వెళ్లేది కాదు.

మొదటి వేసవి రాకముందే కాలనీ సందుల్లోకి పచ్చి మామిడికాయల బండ్లు వచ్చాయి. అన్ని ఇళ్లల్లో మామిడికాయ పప్పు ఉడుకుతోంది. మా ఇంట్లో చింతపండు చారే. ఒక రోజు నేనే రెండు కాయలు కొని తెచ్చి గిన్నె పక్కన పెట్టాను. అమ్మ వాటిని తీసి కిటికీలో పెట్టింది.

"ఇంకా కొత్త అవనేదు" అంది.

"ఇక్కడ కొత్తా లేదు, పాతా లేదు" అన్నాను. "నువ్వు ఆ ఊళ్లో లేవు. గెంటేశారు. తెలుసా?"

ఆమె చారుకి చింతపండు నానేసింది. కాయలు కిటికీలో ముడతలు పడ్డాయి. నేను కాలేజీ గేటు దగ్గర ఉప్పూ కారం అద్దిన ముక్కలు రోజూ తింటూనే ఉన్నాను. ఆమె మీద కోపంతో కావాలనే తిన్నాను.

కొత్త రోజుకి నాన్న నన్ను రమ్మని కబురు పెట్టాడు. ఆ ఏడు ఆయన కూడా వరసలో కూర్చున్నాడు, పదేళ్లకి. పెళ్లాం దూరమయ్యాక తెలివి వచ్చింది. నాకు సొంత ఆకు కిందటేడే వేశారు. మావ ఆకులు పరుచుకుంటూ వచ్చి, తన భార్య ఆకుకీ నా ఆకుకీ మధ్య ఇంకొకటి వేసి, దాని మీద మామిడి ముక్క, సామన్నం పెట్టాడు. అందరూ చూస్తున్నారు. నా గొంతు లేచింది.

"ఎందుకు మావా, ఆ ఆకు? దాని వల్లే కదా ఇదంతా. ఆవిడ పేరు లిస్టులోంచి కొట్టేశారు."

ఆయన నిదానంగా వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు సదువుకున్నావు. ఆల్లిచ్చిన కాయితంల ఆకు తీసెయ్యమని రాసేరేటి?"

"లేదు."

"అయితే ఉండనీ."

నేను నా ఆకులోది తినలేకపోయాను. కొత్త కాకముందే తినేసిన నోరు. ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఆకుని అలాగే మడిచి, నారతో కట్టి, మర్నాడు రైలెక్కాను. ఒళ్లో పెట్టుకుని అన్ని సొరంగాలూ దాటాను.

నేను వెళ్లేసరికి అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. పొట్లం చూసి చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చుంది. ఆకు విప్పింది. అన్నం పులిసిపోయింది, మామిడి ముక్క నల్లబడింది. ముందు ముక్క తింది. తర్వాత పులిసిన అన్నం మెతుకు మిగలకుండా తింది. నేను నిలబడే ఉన్నాను.

"ఈయేడు ఎన్నాకులు ఏసేరు?" అని అడిగింది.

"అరవై ఏడు."

చేతిలో ఖాళీ ఆకు పట్టుకుని కాసేపు లెక్క చూసుకుంది.

"నన్ను కలిపేనా?"

"కలిపేనే అమ్మా" అన్నాను.